38 వేల ర్యాంకు, నాలుగు డిగ్రీలు: ఒక ఎంపీసీ విద్యార్థిని ఎంపిక (కేస్ స్టడీ)

విద్యార్థిని ఉండేది వనస్థలిపురం. తెలంగాణ బోర్డు, ఇంటర్ ఎంపీసీ. నాన్న ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తారు, చేతికొచ్చేది నెలకు 42 వేలు. తమ్ముడు తొమ్మిదో తరగతి. అప్పు చేయకుండా అమ్మాయి చదువుకు ఏడాదికి లక్షా ఇరవై వేల దాకా పెట్టగలరు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 38 వేల పైచిలుకు ర్యాంకు, బీసీ-బి. గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాం. ఫీజులు మాత్రం ఆ కుటుంబానికి కాలేజీలు చెప్పినవే.

మా దగ్గరికి కెరీర్ కౌన్సెలింగ్‌కు వచ్చేసరికి వాళ్ల ముందు నాలుగు దారులున్నాయి. ఒకటి, కన్వీనర్ కోటాలో (ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు) నగరం బయట ఒక కాలేజీలో బీటెక్ సీఎస్ఈ డేటా సైన్స్. రెండు, పేరున్న కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా సీఎస్ఈ. మూడు, ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీసీఏ. నాలుగు, డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల విధానం దోస్త్ ద్వారా బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్. నాన్న మొదటిదాని వైపు, మేనమామ రెండోదాని వైపు, అమ్మాయి నాలుగోదాని వైపు ఉన్నారు. బీసీఏ పేరు ఎత్తింది పక్కింటివాళ్లు. అయినా అదీ జాబితాలో చేరిపోయింది.

మెమో ఏం చెబుతోంది

ఇంటర్ మొత్తం 1000కి 895. ఈ అంకె చూసి ఎవరైనా ఇంజినీరింగే అంటారు. విడదీసి చూస్తే కథ వేరు. మ్యాథ్స్ నాలుగు పేపర్లలో 75కి 75, 74, 73, 75. ఫిజిక్స్ థియరీలో 60కి 38, రెండో ఏడాది 36. కెమిస్ట్రీ 47, 45. మిగతా బరువంతా ఇంగ్లిష్, సంస్కృతం మోశాయి. సంస్కృతం రెండేళ్లలో కలిపి 195 మార్కులు మొత్తాన్ని పైకి లేపుతాయి కానీ, అమ్మాయి బీటెక్ మొదటి సంవత్సరాన్ని ఎలా దాటుతుందో చెప్పలేవు.

తర్వాత ఈఏపీసెట్ రెస్పాన్స్ షీటును కీతో పోల్చి సబ్జెక్టులవారీగా లెక్కేయించాం. ఈ పని చాలామంది చేయరు, ర్యాంకు రాగానే షీటును పక్కన పడేస్తారు. 160 ప్రశ్నల్లో మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అమ్మాయికి మ్యాథ్స్‌లో 37, కెమిస్ట్రీలో 11, ఫిజిక్స్‌లో 9 వచ్చాయి. నెగెటివ్ మార్కులు లేని పరీక్షలో నాలుగు ఆప్షన్ల నుంచి కళ్లు మూసుకుని ఒకటి పెట్టుకుంటూ పోయినా 40కి సగటున 10 రావాలి. అంటే ఫిజిక్స్‌లో అమ్మాయి చదివినదానికి వచ్చిన మార్కులు లేనట్టే. లాంగ్ టర్మ్ కోచింగ్ పెట్టిస్తే ర్యాంకు మెరుగవుతుందా అని నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మెరుగవ్వాల్సింది ఫిజిక్స్, రెండేళ్లు కార్పొరేట్ కాలేజీలో చదివినా కదలనిది కూడా అదే. మరో ఏడాది ధార పోయడానికి ఇది గట్టి కారణం కాదు.

డబ్బు లెక్క

ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న నమ్మకంతో వీళ్లు లెక్క వేసుకున్నారు. రాదు. బీసీలకు పట్టణాల్లో ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు, గ్రామాల్లో లక్షన్నర. జీతం స్లిప్పు ఉన్న ఈ ఇంటికి అది దాటిపోయింది. పరిమితి లోపున్నా, ర్యాంకు 10 వేలు దాటితే బీసీ విద్యార్థికి పూర్తి ఫీజు రాదు, 35 వేల దాకానే వస్తుంది. మిగతాది జేబులోంచి కట్టాల్సిందే. ఈ రెండు షరతులూ తెలియక ఫీజు కాగితం మీద "మనకు సున్నా" అని రాసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

కన్వీనర్ బీటెక్: ఏడాదికి 85 వేలు, కాలేజీ బస్సు 38 వేలు, నాలుగేళ్లకు పరీక్ష ఫీజులు, ల్యాబ్ రికార్డులు వగైరా 40 వేలు. మొత్తం 5,32,000. బస్సు ఖర్చు ఫీజులో దాదాపు సగం ఉందని కాగితం మీద వేసేదాకా ఎవరూ గమనించలేదు.

మేనేజ్‌మెంట్ సీఎస్ఈ: ఫీజుల నియంత్రణ కమిటీ నిర్ణయించిన ఫీజు ఏడాదికి 1,40,000. దాని పైన రసీదు లేకుండా ఆరు లక్షలు అడిగారు. బస్సు కలిపితే నాలుగేళ్లకు 13 లక్షలు దాటుతుంది. మామ చెప్పిన ఉపాయం బ్యాంకు లోను. బ్యాంకు లోను ఇచ్చేది కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉన్న ఫీజుకే. ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా రావచ్చేమో గానీ, రసీదు లేని ఆరు లక్షలకు మాత్రం బయట వడ్డీకి తేవాలి. ఈ ఒక్క లైనుతో రెండో దారి మూసుకుపోయింది. మామ అక్కడితో ఆగలేదు.

"బావా, రేపు సంబంధం చూడొచ్చినోళ్లు పిల్ల ఏం చదివిందని అడిగితే బీఎస్సీ అని జెప్తవా?"

"నెలకు పద్దెనిమిది వేల మిత్తి ఎవరు గడతరో అది గూడ జెప్పు."

బీసీఏ: ఏడాదికి 1,60,000. ప్రయాణం కలిపి మూడేళ్లకు 5,85,000. ప్రైవేటు యూనివర్సిటీ కాబట్టి దోస్త్ ఫీజులు దీనికి వర్తించవు. మూడేళ్ల డిగ్రీకి నాలుగేళ్ల బీటెక్ కన్నా ఎక్కువ అవుతోందన్నమాట.

బీఎస్సీ: అమ్మాయి చూసుకున్న అటానమస్ కాలేజీలో ఏడాదికి 30 వేలు. ఆర్టీసీ స్టూడెంట్ పాస్, పుస్తకాలు కలుపుకుంటే మూడేళ్లకు 1,35,000. దాని మీద రాష్ట్ర యూనివర్సిటీలో ఎమ్మెస్సీ రెండేళ్లకు 80 వేలు వేసుకున్నా ఐదేళ్లకు 2,15,000. బీటెక్ కన్నా ఒక ఏడాది ఎక్కువ పడుతుంది. ఆ ఏడాది రాని జీతాన్ని కూడా ఖర్చు కిందే రాయించాం. రాయకపోతే లెక్క బీఎస్సీ వైపు వాలిపోతుంది.

అర్హత లైను

డిగ్రీ పేరు పట్టుకుని ముందుకు ఆలోచిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకని వెనక నుంచి వచ్చాం. అమ్మాయి చేయాలనుకునేవి, నాన్న చేయిస్తే బాగుంటుందనుకునేవి రాయించి, వాటి నోటిఫికేషన్లు డౌన్‌లోడ్ చేసి, "విద్యార్హత" అన్న పేరా కింద మాత్రమే గీత గీశాం. నలభై పేజీల నోటిఫికేషన్‌లో పనికొచ్చేది ఆ నాలుగు లైన్లే.

ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ (కేంద్ర ప్రభుత్వ గణాంక అధికారుల సర్వీసు): డిగ్రీలో స్టాటిస్టిక్స్, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ లేదా అప్లైడ్ స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదంటే అందులో పీజీ. వయసు 21 నుంచి 30. "ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్" అని బీటెక్‌లో ఒక సెమిస్టర్ పేపర్ ఉంటుంది కదా అని నాన్న అడిగారు. ఒక పేపర్ చదవడం వేరు, ఆ సబ్జెక్టుతో డిగ్రీ ఉండడం వేరు. దరఖాస్తు సమయంలో ఎవరూ ఆపరు, ధ్రువపత్రాల పరిశీలనలో ఆపుతారు. అప్పటికి రెండేళ్ల ప్రిపరేషన్ అయిపోయి ఉంటుంది.

ఎస్సెస్సీ సీజీఎల్ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ స్థాయి ఉద్యోగాలకు పెట్టే పరీక్ష): స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ గ్రేడ్ 2 పోస్టుకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉండటమే చాలదు, మూడేళ్లూ, అంటే ఆరు సెమిస్టర్లూ చదివి ఉండాలి. అదే నోటిఫికేషన్‌లో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్‌కు ఇంటర్ మ్యాథ్స్‌లో 60 శాతం ఉంటే ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. రెండు పోస్టుల పేర్లూ దగ్గరగా ఉంటాయి, అర్హతలు మాత్రం దగ్గరగా లేవు. మధ్యలో స్టాటిస్టిక్స్ వదిలేసే వీలున్న కాంబినేషన్ తీసుకుంటే మొదటి పోస్టు పోయినట్టే. అందుకే ఎంచుకున్న కాలేజీలో ఐదు, ఆరు సెమిస్టర్లలో కూడా స్టాటిస్టిక్స్ తప్పనిసరిగా ఉందో లేదో సిలబస్ పుస్తకంలో చూడమన్నాం.

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్: ఉస్మానియా, మిగతా రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ద్వారా. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్-ఓఆర్ (ఆపరేషన్స్ రీసెర్చ్) అనే కోర్సు ఉంది, దానికి సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్షలో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపరు. ఈ మూడింటికీ బీఎస్సీ నేరుగా వెళ్తుంది. బీసీఏతో సీపీగెట్ దారి కుదరదు. (స్టాటిస్టిక్స్ చదివి ఏం చేస్తారని మామ అడిగినప్పుడు సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఉన్న స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు పేరిట వెలసిన సంస్థను చూపించాం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కల ఎంఏ చేసిన ఆయనకు 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. వాదనగా దీనికి బలం లేదు కానీ, ఆ రోజుకు పనిచేసింది.)

ఎంసీఏ: ఇప్పుడు రెండేళ్లే. ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయాలి. బీసీఏ అయినా, ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉన్న వేరే డిగ్రీ అయినా సరిపోతుంది. అంటే ఎంసీఏ కోసమని బీసీఏ చేయనక్కర్లేదు. బీసీఏను తీసేయడానికి ఇదే ప్రధాన కారణం. ఆ కోర్సు తక్కువదని కాదు. 2024-25 నుంచి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాక పాఠ్యప్రణాళిక కొంత గట్టిపడింది కూడా. కానీ ఈ అమ్మాయికి బీసీఏ తెరిచే తలుపులన్నీ బీఎస్సీ కూడా తెరుస్తుంది, బీఎస్సీ తెరిచేవాటిలో కొన్ని బీసీఏకు తెరుచుకోవు. ఇంటర్‌లో మ్యాథ్స్ లేని సీఈసీ విద్యార్థి వచ్చి ఉంటే ఇదే లెక్క తలకిందులయ్యేది.

ఇక బీటెక్ మాత్రమే తెరిచేవి. వీటిని తక్కువ చేసి చెబితే కౌన్సెలింగ్ అనిపించుకోదు. ప్రభుత్వ శాఖల్లో ఇంజినీర్ల పోస్టులైన ఏఈ, ఏఈఈ, ఇంజినీరింగ్ సర్వీసెస్ బీఎస్సీకి లేవు. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌ను బీఎస్సీ మూడో ఏడాదిలో రాయొచ్చు, స్టాటిస్టిక్స్ పేపరూ ఉంది, 2024 నుంచి డేటా సైన్స్ అండ్ ఏఐ పేపరూ ఉంది. కానీ ఎంటెక్ సీటుకు సాధారణంగా బీటెక్ గానీ, ఎమ్మెస్సీ, ఎంసీఏ గానీ అడుగుతారు. స్కోరు ఉన్నా మూడేళ్ల డిగ్రీతో పని జరగదు. అమెరికాలో ఎమ్మెస్‌కు చాలా యూనివర్సిటీలు 16 ఏళ్ల చదువు చూస్తాయి. మూడేళ్ల డిగ్రీని కొన్ని ఒప్పుకుంటాయి, అప్పుడు కాలేజీ ప్రమాణాలను బట్టి ఇచ్చే నాక్ గ్రేడు, ఫస్ట్ క్లాసు లెక్కలోకి వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది క్యాంపస్ నియామకాలు. హైటెక్ సిటీ కంపెనీల్లో ఫ్రెషర్లను తీసుకునే పద్ధతి ఇప్పటికీ ఇంజినీరింగ్ కాలేజీల చుట్టూనే తిరుగుతుంది. విప్రో డబ్ల్యూఐఎల్‌పీ, టీసీఎస్ ఇగ్నైట్ లాంటి నియామక కార్యక్రమాలు బీఎస్సీ, బీసీఏ వాళ్ల కోసం ఉన్నాయి, కానీ సీట్లకు పోటీ ఎక్కువ. ఇలాంటి నియామకాల్లో 60 శాతం మార్కులు, బ్యాక్‌లాగ్ లేకపోవడం మామూలు షరతులు.

నాన్నకు ఇక్కడ అసలు సందేహం వచ్చింది: మూడేళ్ల తర్వాత ఇంజినీరింగే కావాలనిపిస్తే? దానికి దారి ఉంది, చాలామందికి తెలియదు. పాలిటెక్నిక్ వాళ్లు రాసే ఈసెట్‌లో బీఎస్సీ మ్యాథమెటిక్స్ వాళ్లకు వేరే విభాగం ఉంది. అందులో సీటు వస్తే బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. మొత్తం ఆరేళ్లవుతుంది కాబట్టి అది సిఫారసు కాదు, అత్యవసర ద్వారం మాత్రమే. కానీ ఆ ద్వారం ఉందని తెలిశాక ఇంట్లో గొంతులు తగ్గాయి.

కాలేజీ చూసిన రోజు

డిగ్రీ ఏదో తేలాక కాలేజీ తప్పు పడితే పడ్డ శ్రమంతా వృథా. మూడు కాలేజీలకు నాన్న, అమ్మాయి వెళ్లారు. అడ్మిషన్ కౌంటర్ దగ్గర కాకుండా స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ తలుపు మీద అంటించిన టైమ్‌టేబుల్ ఫొటో తీసుకురమ్మన్నాం. ఒక కాలేజీలో మ్యాథ్స్, కంప్యూటర్స్ పీరియడ్ల పక్కన లెక్చరర్ల పేర్ల పొడి అక్షరాలు టైపు చేసి ఉన్నాయి. స్టాటిస్టిక్స్ గళ్లలో పెన్సిలుతో "గెస్ట్" అని ఉంది, నాలుగు గళ్లు ఖాళీ. బ్రోచర్‌లో డేటా సైన్స్ ల్యాబ్ రంగుల ఫొటో ఉన్న కాలేజీ అదే. స్టాటిస్టిక్స్‌కు రెగ్యులర్ లెక్చరర్ లేని చోట మొదటి రెండు సెమిస్టర్లు మ్యాథ్స్ వాళ్లే లాగించేస్తారు. ఇన్ఫరెన్స్, రిగ్రెషన్ వచ్చేసరికి చేతులెత్తేస్తారు, పిల్లలు గైడ్ల మీద పడతారు.

రెండో కాలేజీలో ఇద్దరు రెగ్యులర్ లెక్చరర్లు ఉన్నారు, ప్రాక్టికల్స్ ఎక్సెల్‌లోనూ, ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లోనూ చేయిస్తున్నారు. ఫైనలియర్ విద్యార్థుల రికార్డు పుస్తకం తెరిచి చూస్తే అవుట్‌పుట్ ప్రింట్లు ఒకదానికొకటి తేడాగా ఉన్నాయి, అంటే ఎవరి డేటా వాళ్లు చేశారు. అన్ని రికార్డుల్లో ఒకే అంకెలుంటే ల్యాబ్ నడవడం లేదని అర్థం. మూడోది ఇంటికి దగ్గర, అంతకుమించి చెప్పుకోదగ్గది లేదు.

నాక్ గ్రేడు ఎంతో అందరూ అడుగుతారు. దాని గడువు ఎప్పటిదాకా ఉందో కూడా అడగాలి.

దోస్త్, ఈఏపీసెట్ రెండూ నడిపిన తీరు

దోస్త్ రిజిస్ట్రేషన్ మొదటి విడతలో 200 రూపాయలు, తర్వాతి విడతల్లో 400. ఆధార్‌కు లింకైన మొబైల్ నంబరు కావాలి. ఈ ఇంట్లో ఆధార్‌కు ఉన్నది ఎప్పుడో పోయిన నాన్న పాత సిమ్. నంబరు మార్పించుకోవడంలో వారం పోయింది, మొదటి విడత చివరి రోజుల్లో పడ్డారు. ఇంటర్ పరీక్షలు అయిన వెంటనే చేసుకోవాల్సిన పని ఇది.

వెబ్ ఆప్షన్లలో కాలేజీతో పాటు కోర్సు కాంబినేషన్, మీడియం, రెగ్యులరా సెల్ఫ్ ఫైనాన్సా అన్నది వేరువేరు లైన్లుగా వస్తాయి. ఒకే కాలేజీలో పక్కపక్క లైన్లకు ఫీజు రెండింతలు తేడా ఉండొచ్చు. అమ్మాయి మొదట పెట్టిన జాబితాలో మ్యాథ్స్-స్టాటిస్టిక్స్-కంప్యూటర్స్ అనుకుని మ్యాథ్స్-ఫిజిక్స్-కంప్యూటర్స్ పెట్టింది. చూసి సరిచేశాం. తప్పించుకోవాలనుకున్న సబ్జెక్టు మూడేళ్లు మెడకు చుట్టుకునేది.

సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే సీటు పోతుంది. చేసి కూడా తర్వాతి విడతలో మెరుగైనదానికి ఆప్షన్లు పెట్టుకోవచ్చు. కానీ కొత్తది వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది, వెనక్కి రాదు. కాబట్టి రెండో విడతలో నిజంగా మొదటిదాని కన్నా మేలనుకున్నవే పెట్టాలి. "ఏం వస్తుందో చూద్దాం" అని పెడితే ఉన్నది పోతుంది.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌ను వదిలేయమని చెప్పలేదు. స్లాట్ బుకింగ్‌కు 1,200 కట్టి, సర్టిఫికెట్ల పరిశీలన చేయించి, ఎనిమిది ఆప్షన్లే పెట్టించాం: ఇంటికి బస్సు దూరంలో ఉన్న, నిజంగా చేరతామనుకున్న కాలేజీల్లో సీఎస్ఈ, దాని అనుబంధ బ్రాంచీలు. ఎనభై ఆప్షన్లు పెట్టినవాళ్లకు డెబ్బై ఒకటోది వస్తుంది, వచ్చింది కదా అని చేరిపోతారు. ఆ ఎనిమిదింట్లో సీటు రాలేదు. నాన్న మనసులో మిగిలిన "ప్రయత్నించి ఉంటే" అన్న మాట దానితో తీరింది.

రెండు కౌన్సెలింగ్‌లు పక్కపక్కనే నడుస్తున్నప్పుడు దెబ్బతీసేది టీసీ. డిగ్రీ కాలేజీలో రిపోర్ట్ చేసేటప్పుడు ఒరిజినల్ టీసీ ఇచ్చేస్తారు, నెల తర్వాత బీటెక్ సీటు వస్తే అది వెనక్కి తెచ్చుకోవడానికి కాళ్లరిగేలా తిరగాలి. ఇచ్చే ముందు అన్నిటికీ కలర్ స్కాన్, ఇచ్చాక చేతికి రసీదు తప్పనిసరి.

చేరాక

రెండో కాలేజీలో సీటు వచ్చింది, చేరింది. చేరగానే ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ కూడా మొదలుపెడతానంది. 2022 నుంచి రెండు డిగ్రీలు ఒకేసారి చేయడానికి యూజీసీ అనుమతి ఉంది కాబట్టి అడ్డు లేదు. వద్దన్నాం, ఇప్పుడే వద్దన్నాం. ఒక్కో కోర్సుకు వారానికి పది గంటలు పడుతుంది, రెండు తీసుకుంటే ఇరవై. మొదటి సెమిస్టర్‌లో కాలేజీ వేగం అందుకోకుండా ఇది తగిలించుకున్నవాళ్లు రెంటిలోనూ వెనకబడటం మామూలు. మొదటి రెండు సెమిస్టర్లలో బ్యాక్‌లాగ్ లేకుండా, స్టాటిస్టిక్స్‌లో 75 శాతం పైన ఉంటే మూడో సెమిస్టర్‌లో ఆ బీఎస్‌కు అర్హత పరీక్ష అయిన క్వాలిఫయర్ రాస్తుంది. ఈలోగా పైథాన్ బేసిక్స్, ఎస్‌క్యూఎల్ రెండే. నాలుగో సెమిస్టర్ సెలవుల్లో ఇంటర్న్‌షిప్. ఐదో సెమిస్టర్ మొదట్లోనే జామ్ దరఖాస్తు పడాలి, పరీక్ష ఫిబ్రవరిలో. సీయూఈటీ పీజీ ఆ వెంటనే. సీపీగెట్ డిగ్రీ పరీక్షల తర్వాత. ఈ వరస తెలియక ఆరో సెమిస్టర్ అయ్యాక ఎమ్మెస్సీ గురించి ఆలోచించేవాళ్లకు సీపీగెట్ ఒక్కటే మిగులుతుంది.

నాన్న ఒప్పుకోలు షరతుతో కూడినది, ఆ షరతు కాగితం మీద పెట్టించాం. రెండో సెమిస్టర్ ఫలితాలు వచ్చాక ఇంట్లోవాళ్లు మళ్లీ కూర్చుంటారు. స్టాటిస్టిక్స్‌లో 60 శాతం దాటకపోతే ఎమ్మెస్సీ ప్రణాళిక పక్కకు పోయి, ఐసెట్ ద్వారా ఎంసీఏ ముందుకు వస్తుంది. దాటితే ఐదో సెమిస్టర్ దాకా ఇంజినీరింగ్ మాట ఇంట్లో ఎత్తకూడదు. ఆ చివరి వాక్యం కింద మామ సంతకం కూడా తీసుకుంది అమ్మాయి.